టెక్సాస్ ఇంట్లో మోల్డ్ కనబడితే: ఎవరికి చూపించాలి, ఎవరితో తీయించాలి, ఏ కాగితం దాచుకోవాలి

టెక్సాస్‌లో ఇంటి గోడకు మోల్డ్ (తడికి పట్టే బూజు) పట్టిందంటే మొదటి ఫోన్ దాన్ని తీసేవాళ్లకు చేయకూడదు. వెతకగానే పైకి వచ్చేవి మాత్రం ‘ఉచితంగా చూసిపెడతాం, మేమే తీసేస్తాం’ అనే కంపెనీలే. ఈ రాష్ట్రంలో మోల్డ్ ఎక్కడ, ఎంత ఉందో తేల్చే లైసెన్సు వేరు, దాన్ని తీసే లైసెన్సు వేరు. ఒకరి దగ్గర రెండూ ఉండొచ్చు గానీ, ఒకే ప్రాజెక్టులో రెండు పనులూ చేయకూడదు. చూసే కంపెనీలో, తీసే కంపెనీలో ఒకే మనిషికి వాటా ఉన్నా ఆ రెండూ కలిసి ఒకే ఇంటి మీద పనిచేయకూడదు. తీసేవాడే కొలత చెబితే కొలత ఎటు పెరుగుతుందో అందరికీ తెలిసిందే.

2001లో ఆస్టిన్ పక్కన డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో ఒక ఇంటి మోల్డ్ కేసులో జ్యూరీ బీమా కంపెనీ మీద 3.2 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. అప్పీల్లో అది బాగా తగ్గింది కానీ అప్పటికే రాష్ట్రమంతా మోల్డ్ క్లెయిములు ముసిరాయి. 2003లో శాసనసభ లైసెన్సు చట్టం తెచ్చింది. అది ఆక్యుపేషన్స్ కోడ్ 1958వ అధ్యాయం. మొదట ఆరోగ్య శాఖ చూసేది. 2017 నవంబర్ 1 నుంచి టెక్సాస్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖ, అందరూ పిలిచే పేరుతో టీడీఎల్‌ఆర్, చూస్తోంది. ఫెడరల్ స్థాయిలో మోల్డ్ లైసెన్సు లేదు. గాలిలో ఇన్ని స్పోర్లకు (మోల్డ్ వదిలే కంటికి కనబడని బీజాలకు) మించకూడదనే ఫెడరల్ పరిమితి కూడా లేదు. అందుకే ‘మీ ఇల్లు ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) పరిమితి దాటింది’ అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

1. ముందు నీళ్లు ఆపండి

తడిసిన షీట్‌రాక్ (గోడలకు బిగించే జిప్సం పలక), కార్పెట్ 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే మోల్డ్ మొదలవుతుంది. లైసెన్సుల సంగతి తర్వాత. నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపించండి.

డాలస్, హ్యూస్టన్ ఇళ్లలో ఎక్కువగా కనబడే దోషి అటిక్‌లోని, అంటే పైకప్పు కింది ఖాళీలోని ఏసీ. కాయిల్ నుంచి కారే నీరు ఒక సన్నటి పైపులో బయటికో, బాత్రూమ్ సింక్ కిందికో పోతుంది. ఆ పైపు జిగురు పట్టి మూసుకుపోతే నీరు కింది పళ్లెంలోకి పొంగి, రెండో పైపులో పడుతుంది. చాలా ఇళ్లలో ఆ రెండో పైపు కొసను కావాలనే ఏదో ఒక కిటికీ మీదుగా బయటికి పెడతారు, మీ కంటబడాలని. కిటికీ పైనుంచి చుక్కలు పడుతుంటే వాన అనుకోకండి, మొదటి పైపు మూసుకుపోయినట్టు. పళ్లెం తుప్పు పట్టి ఉంటే తర్వాత తడిసేది సీలింగే. షవర్ గోడ వెనక లీకు, ఫ్రిజ్ వెనక ఐస్‌మేకర్ పైపు, డిష్‌వాషర్ గొట్టం ఆ తర్వాతి వరసలో ఉంటాయి.

నీళ్లు తోడి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టే కంపెనీకి మోల్డ్ లైసెన్సు అక్కర్లేదు. ప్లంబర్‌కీ, ఏసీ మెకానిక్‌కీ వాళ్ల మామూలు రిపేరుకు అక్కర్లేదు. కానీ మోల్డ్ కంటికి కనబడుతున్న చోట పెద్ద ఫ్యాన్ తిప్పించొద్దు. ఒక గదిలో ఉన్నది ఇల్లంతా పరుచుకుంటుంది.

2. టేపు పెట్టి కొలవండి: 25 చదరపు అడుగులు

టెక్సాస్ నియమం అంతా ఈ అంకె చుట్టూ తిరుగుతుంది. ఆనుకుని ఉన్న మోల్డ్ ప్రాంతం 25 చదరపు అడుగుల లోపుంటే తీయడానికి లైసెన్సు అవసరం లేదు. ఆ పైన ఉంటే కావాలి. హోమ్ డిపోలో దొరికే 4 అడుగులు × 8 అడుగుల షీట్‌రాక్ పలక 32 చదరపు అడుగులు. అంటే ఒక్క పలక నిండా పట్టినా హద్దు దాటినట్టే.

కొలిచేది నల్ల మచ్చల మొత్తం కాదు. కనబడే మోల్డ్ పోవాలంటే ఎంత ఉపరితలాన్ని శుభ్రం చేయాలో లేదా తీసేయాలో అంత. క్లోజెట్ గోడకు బేస్‌బోర్డు మీద నుంచి 2 అడుగుల ఎత్తు వరకు, 14 అడుగుల పొడవునా మచ్చలు ఉన్నాయనుకోండి. అది 28 చదరపు అడుగులు. మధ్యలో అక్కడక్కడ తెల్లగా ఉన్నంత మాత్రాన ఆ ముక్కలను తీసేసి లెక్క తగ్గించలేరు. పక్కపక్కనే ఉన్నవి కలిసే లెక్కకు వస్తాయి. మేడ మీద బాత్రూమ్‌లో 10, కింద గరాజ్‌లో 18 ఉంటే అవి వేర్వేరు. ఇంకో సంగతి: బయటికి 12 చదరపు అడుగులు కనబడ్డ గోడను కోసి చూస్తే వెనకవైపు 40 ఉండొచ్చు. హద్దుకు దగ్గరగా ఉంటే దాటినట్టే అనుకుని నడవడం మంచిది.

ఇక్కడి అంకెను వేరే రాష్ట్రంలోని బంధువులకు చెప్పకండి. ఫ్లోరిడాలో, న్యూయార్క్‌లో హద్దు 10 చదరపు అడుగులే. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రత్యేక మోల్డ్ లైసెన్సే లేదు.

3. మినహాయింపుల్లో మీరున్నారేమో చూసుకోండి

మీ సొంత ఇంట్లో మీరే తీసుకోవచ్చు, 25 దాటినా సరే. చట్టం ఆపదు. అయితే పెద్ద పనిని ఇంట్లో వాళ్లు మాస్కు లేకుండా, ఏసీ నడుస్తుండగా చేస్తే ఉన్న ఖర్చు రెండింతలవుతుంది. షీట్‌రాక్ మీద బ్లీచ్ చల్లడం మరీ వృథా. రంగు పోతుంది, నీరు లోపలికి ఇంకుతుంది, కొద్ది రోజులకు మళ్లీ వస్తుంది. మోల్డ్ పట్టిన షీట్‌రాక్‌ను కోసి పారేయడమే, కడిగేది కాదు.

కొత్త ఇళ్లు కొన్నవాళ్లు ఇది గమనించాలి. ఇల్లు కట్టిన బిల్డర్, ఒకటి లేదా రెండు కుటుంబాల ఇంట్లో తన నిర్మాణాన్ని రిపేరు చేస్తూ అక్కడి మోల్డ్‌ను కూడా తీస్తే అతనికి లైసెన్సు అక్కర్లేదు. అంటే ఫ్రిస్కోలోనో సెలీనాలోనో వారంటీ కింద బిల్డర్ మనిషి వచ్చి గోడ కోసి మార్చేసి పోవడం చట్టబద్ధమే. మీ చేతికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ రాదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు చూపించడానికి కాగితం కావాలంటే పని మొదలయ్యే ముందే లైసెన్సు ఉన్న కన్సల్టెంట్‌ను (మోల్డ్ చూసి, ఎలా తీయాలో రాసిచ్చే మనిషిని) పెట్టించమని బిల్డర్‌కు ఈమెయిల్‌లో రాయండి. అందరూ ఒప్పుకోరు. అడిగినట్టు రుజువైనా మిగులుతుంది.

అద్దెకున్నవాళ్ల దారి వేరు. 10 యూనిట్ల లోపు ఉన్న నివాసానికి యజమాని, మేనేజర్, వాళ్ల ఉద్యోగులు లైసెన్సు లేకుండా తీయొచ్చు. డెంటన్, ఆర్లింగ్టన్, ఇర్వింగ్‌లలో విద్యార్థులుండే పెద్ద అపార్ట్‌మెంట్లకు ఈ వెసులుబాటు లేదు, 25 దాటితే లైసెన్సు ఉన్నవాళ్లే రావాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ప్రాపర్టీ కోడ్ ప్రకారం రిపేరుకు 7 రోజులు సమంజసమైన గడువుగా భావిస్తారు. నోటీసు ఇచ్చే నాటికి అద్దె బాకీ ఉంటే మీ హక్కు బలహీనపడుతుంది, కాబట్టి కోపంలో అద్దె ఆపేయకండి.

4. ఎవరి దగ్గర ఏ లైసెన్సు ఉండాలి

చూసే వైపు ఇద్దరు. మోల్డ్ అసెస్‌మెంట్ టెక్నీషియన్ వచ్చి కళ్లతో చూసి, తేమ కొలిచి, శాంపిళ్లు తీస్తారు. హైస్కూల్ చదువు, 24 గంటల శిక్షణ, రాష్ట్ర పరీక్ష ఉంటే ఆ లైసెన్సు వస్తుంది. అసెస్‌మెంట్ కన్సల్టెంట్ పైవారు: 40 గంటల శిక్షణ, పరీక్ష, దాంతోపాటు చదువూ అనుభవమూ. ఇంజనీరింగ్, సైన్సు, ఆర్కిటెక్చర్ వంటి డిగ్రీ ఉంటే సంబంధిత రంగంలో ఒక ఏడాది, 60 కాలేజీ క్రెడిట్లుంటే మూడేళ్లు, హైస్కూల్ మాత్రమే ఉంటే ఐదేళ్లు. ఏం తీయాలి, ఎలా తీయాలి అని ప్రోటోకాల్ రాసేది కన్సల్టెంటే. టెక్నీషియన్ రాయలేరు. ఇంటికి టెక్నీషియన్ వచ్చినా ఫర్వాలేదు, కాగితం మీద కన్సల్టెంట్ సంతకం, నంబరు ఉండాలి.

తీసే వైపు రెమెడియేషన్ కాంట్రాక్టర్, అతని కింద వర్కర్లు. వర్కర్‌కు 4 గంటల శిక్షణ, టీడీఎల్‌ఆర్‌లో రిజిస్ట్రేషన్ చాలు. ఇవి కాక కంపెనీలకూ, శాంపిళ్లు పరీక్షించే ల్యాబులకూ విడి లైసెన్సులున్నాయి. లైసెన్సు కాలం రెండేళ్లు. కన్సల్టెంట్లూ కాంట్రాక్టర్లూ ఒక్కో ఘటనకు కనీసం 10 లక్షల డాలర్ల లయబిలిటీ బీమా చూపాలి.

(మన ఇంజనీర్లలో కొందరికి కన్సల్టెంట్ లైసెన్సు మీద కన్ను పడుతుంది, డిగ్రీ సరిపోతుంది కదా అని. హెచ్1బీ మీదున్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు. లైసెన్సు తెచ్చుకున్నా దాంతో సంపాదించలేరు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు ముందుగా టెక్నీషియన్‌గా చేరి, ఒక కన్సల్టెంట్ కింద పని నేర్చుకోవడం నయం. 40 గంటల క్లాసులో గోడ లోపల ఏముందో పసిగట్టడం రాదు.)

పేరు చూసి నమ్మకుండా టీడీఎల్‌ఆర్ వెబ్‌సైటులో లైసెన్సు సెర్చ్ తెరిచి చూడండి. కన్సల్టెంట్ నంబరు ముందు ‘ఎంఏసీ’, కాంట్రాక్టర్‌కు ‘ఎంఆర్‌సీ’, అసెస్‌మెంట్ కంపెనీకి ‘ఏసీఓ’, రెమెడియేషన్ కంపెనీకి ‘ఆర్‌సీఓ’ అని ఉంటుంది. నాలుగు సంగతులు సరిపోల్చండి: మనిషి పేరు, లైసెన్సు రకం, గడువు తేదీ, కంపెనీ పేరు. వ్యాన్ మీద ‘సర్టిఫైడ్’ అని ఉంటే అది ప్రైవేటు సంస్థ ఇచ్చిన కోర్సు సర్టిఫికెట్ కావొచ్చు. మంచిదే, కానీ రాష్ట్ర లైసెన్సుకు బదులు కాదు. ఇల్లు కొనేటప్పుడు వచ్చే హోమ్ ఇన్‌స్పెక్టర్ ‘ఇక్కడేదో మచ్చ ఉంది’ అని రాయొచ్చు. మోల్డ్ లైసెన్సు లేకుండా మోల్డ్ అసెస్‌మెంట్ చేస్తున్నానని చెప్పుకోకూడదు.

పని మొదలుపెట్టే ముందే టీడీఎల్‌ఆర్ రూపొందించిన మోల్డ్ సమాచార పత్రం మీ చేతికి ఇవ్వాలి. అది ఇవ్వకుండా సంతకం అడిగితే, మిగతా నియమాలనూ అలాగే పాటిస్తారని అనుకోవచ్చు.

5. అసెస్‌మెంట్ రోజు

ఇల్లు మామూలుగా ఉన్నట్టే ఉంచండి. ముందురోజు ఫినాయిల్‌తో తుడిచి, కిటికీలు తెరిచిపెడితే ఫలితం తారుమారవుతుంది. కన్సల్టెంట్ మచ్చల కంటే తేమ మీద ఎక్కువసేపు గడపాలి. తేమ మీటరు బయటికి తీయకుండా నేరుగా గాలి శాంపిల్ పంపు పెడితే మీ డబ్బు ల్యాబుకు పోతోందని అర్థం.

గాలి శాంపిల్ మామూలుగా నిమిషానికి 15 లీటర్ల చొప్పున 5 నిమిషాలు, అంటే 75 లీటర్లు, ఒక చిన్న క్యాసెట్ గుండా లాగుతారు. ఇంటి బయట కూడా ఒక శాంపిల్ తప్పకుండా తీయాలి, పోల్చడానికి అదే ఆధారం. రిపోర్టులో రెండు వరసలుంటాయి: మైక్రోస్కోపు కింద లెక్కపెట్టిన స్పోర్లు, ఘనపు మీటరుకు లెక్కకట్టిన అంకె. 75 లీటర్ల శాంపిల్‌లో ఒక్క స్పోర్ కనబడితే రెండో వరసలో అది 13 అవుతుంది. కాబట్టి ‘130’ అన్న అంకె చూసి గుండె పట్టుకోకండి, లెక్కకు దొరికినవి పదే. చూడాల్సిందల్లా బయట తక్కువగా ఉండి లోపల బాగా ఎక్కువగా ఉన్న రకం ఏదైనా ఉందా అని. ‘నల్ల మోల్డ్’ అనే మాటకు ఇక్కడ విలువ లేదు. రంగును బట్టి రకం చెప్పలేరు, ఏ రకమైనా తీసే నియమం ఒకటే.

కంటికి కనబడుతున్న మోల్డ్‌కు ఆరు గదుల్లో ఆరు శాంపిళ్లు అనవసరం. శాంపిల్‌కు ఇంత అని రేటు ఉంటుంది కాబట్టే అడుగుతారు.

6. ప్రోటోకాల్ చదవకుండా కొటేషన్ అడగొద్దు

ప్రోటోకాల్‌లో ఇవి రాసి ఉండాలి: ఏ గదులు, ఏ పదార్థం దాదాపు ఎంత తీయాలి లేదా శుభ్రం చేయాలి, ఒక్కో చోట ఏ పద్ధతి, పనివాళ్లకు ఏ రక్షణ (కనీసం ఎన్-95 మాస్కు), గదిని ఎలా మూసివేయాలి, చివరికి ఏది చూసి పాస్ అంటారు.

‘అవసరమైనంత మేర షీట్‌రాక్ తొలగించాలి’ అని ఒక్క ముక్క రాసి ఉంటే వెనక్కి పంపండి. ఆ వాక్యంతో ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగితే మూడు వేర్వేరు పనులకు మూడు ధరలు వస్తాయి, పోల్చలేరు. ఉండాల్సింది ఇలా: ‘మాస్టర్ క్లోజెట్ తూర్పు గోడ, నేల నుంచి 4 అడుగుల ఎత్తు, 14 అడుగుల పొడవు షీట్‌రాక్, ఇన్సులేషన్ తీసివేయాలి, చెక్క స్టడ్లను (గోడ లోపలి నిలువు కర్రలను) హెపా వాక్యూమ్ (సన్నటి దుమ్మునూ పట్టే వాక్యూమ్) చేసి, తుడిచి, తేమ 16 శాతం లోపుకు ఆరబెట్టాలి.’ క్రిమిసంహారక మందు చల్లమంటే అది ఈపీఏ రిజిస్ట్రేషన్ ఉన్నదై, ఆ వాడకానికే ఉద్దేశించినదై ఉండాలి. ఇల్లంతా పొగ పట్టిస్తే చాలు, ఏదీ కోయక్కర్లేదు అనే కాంట్రాక్టర్‌ను వదిలేయండి. చచ్చిన మోల్డ్ కూడా గోడలోనే ఉంటుంది.

7. తీసేటప్పుడు

కాంట్రాక్టర్ ప్రోటోకాల్ ఆధారంగా తన వర్క్ ప్లాన్ రాసి మొదలుపెట్టే ముందే మీకు ఇవ్వాలి. పనికి కనీసం 5 రోజుల ముందు టీడీఎల్‌ఆర్‌కు నోటిఫికేషన్ పంపాలి, దాని కాపీ అడగండి. ఆలస్యమైతే మోల్డ్ ఇంకా పాకే అత్యవసరంలో ఆ 5 రోజులు ఆగక్కర్లేదు, కానీ తర్వాతి పనిదినానికల్లా తెలియజేయాలి. ‘రేపే మొదలుపెడతాం, నోటిఫికేషన్ ఏమీ ఉండదు’ అనే మాట 25 దాటిన పనిలో వినబడకూడదు.

తలుపుల దగ్గర పసుపు మీద నల్ల అక్షరాలతో మోల్డ్ పని జరుగుతోందని బోర్డు ఉండాలి, కనీసం 8 × 10 అంగుళాలు. పని గదిని 6 మిల్ మందం ప్లాస్టిక్‌తో మూసి, ఏసీ గాలి వచ్చే, పోయే రంధ్రాలను సీల్ చేస్తారు. హెపా ఫిల్టర్ ఉన్న యంత్రం లోపలి గాలిని బయటికి లాగుతూ ఉండాలి. మీరు చేయగల పరీక్ష ఒకటుంది: యంత్రం నడుస్తున్నప్పుడు ఆ ప్లాస్టిక్ గోడ పని గది లోపలికి పీల్చుకుని వంగి ఉండాలి. మీవైపు ఉబ్బి ఉంటే లోపలి గాలి ఇంట్లోకి వస్తోంది. వెంటనే ఆపించండి.

గోడ కోశాక అనుకున్నదానికంటే ఎక్కువ బయటపడటం మామూలే. అప్పుడు కాంట్రాక్టర్ తనంతట తాను కొలత పెంచి బిల్లు వేయడం కాదు, కన్సల్టెంట్ మళ్లీ చూసి ప్రోటోకాల్ సవరించాలి. పనికి ముందు, తర్వాత ఫొటోలు తీయడం కాంట్రాక్టర్ బాధ్యత, మీకు కాపీలు ఇవ్వాలి.

8. క్లియరెన్స్ వచ్చేదాకా ప్లాస్టిక్ విప్పనివ్వొద్దు

పాస్ అయిందని (అదే క్లియరెన్స్) కన్సల్టెంట్ రాతపూర్వకంగా కాంట్రాక్టర్‌కు చెప్పేదాకా ఆ ప్లాస్టిక్ గోడలను ఎవరూ తీయకూడదు. సోఫాలు సర్దుకోవాలనే తొందరలో ఇంటివాళ్లే విప్పించేస్తుంటారు. తర్వాత శాంపిల్ ఫెయిలైతే తప్పు ఎవరిదో తేల్చలేరు.

ఫెయిలవడానికి ఎక్కువసార్లు కారణం దుమ్ము. స్టడ్ల మీద, గోడ అడుగు చెక్క మీద చేత్తో రుద్దినప్పుడు వేలికి పొడి అంటితే ఇంకా శుభ్రం చేయాలి. దీనికి వ్యతిరేకమైన మోసమూ ఉంది: గాలి శుభ్రం చేసే యంత్రాన్ని గది మధ్యలో నడుపుతూనే శాంపిల్ తీయడం. అలా తీస్తే ఏ గదైనా పాసవుతుంది. క్లియరెన్స్‌కు ముందే కొత్త షీట్‌రాక్ బిగించడం, స్టడ్లకు తెల్ల రంగు వేసేయడం కూడా ఒప్పుకోవద్దు, కన్సల్టెంట్‌కు చూడటానికి ఏమీ మిగలదు.

నీటి కారణం తొలగిందా అని కూడా కన్సల్టెంట్ చూడాలి. ప్లంబర్ బిల్లు, ఏసీ రిపేరు బిల్లు అప్పుడు చేతిలో పెట్టుకోండి.

9. సర్టిఫికెట్

పని ముగిసిన తేదీ నుంచి 10 రోజుల్లోగా కాంట్రాక్టర్ మీకు సర్టిఫికెట్ ఆఫ్ మోల్డ్ డ్యామేజ్ రెమెడియేషన్ ఇవ్వాలి. ఇది టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖ ఫారం మీద ఉంటుంది, పేరు ఎండీఆర్-1. కన్సల్టెంట్, కాంట్రాక్టర్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ‘పని పూర్తయింది’ అని రాసిచ్చిన కాగితం దీనికి సాటి రాదు. తీసుకోగానే నీటి కారణం కూడా తొలగిందన్న భాగం నింపారో లేదో చూడండి, ఖాళీగా వదిలేసేది సరిగ్గా అక్కడే. ఆఖరి చెల్లింపును ఈ ఫారం చేతికి రావడంతో ముడిపెట్టి ఒప్పందంలో ముందే రాయించుకుంటే మళ్లీ మళ్లీ ఫోన్లు చేసే పని ఉండదు.

ఈ ఫారం ఉంటే, గతంలో మోల్డ్ వచ్చిందన్న ఒక్క కారణంతో బీమా కంపెనీ మీ ఇంటికి పాలసీ నిరాకరించకూడదు. ఇల్లు అమ్మితే, అమ్మకానికి ముందు ఐదేళ్లలో ఆ ఇంటికి వచ్చిన ప్రతి సర్టిఫికెట్ కాపీనీ కొనేవాళ్లకు ఇవ్వడం మీ బాధ్యత. లైసెన్సుదారు మాత్రం రికార్డులు మూడేళ్లు దాచితే సరిపోతుంది. నాలుగో ఏట ఇల్లు అమ్మకానికి పెట్టి పాత కంపెనీకి ఫోన్ చేస్తే దొరకకపోవచ్చు. కాబట్టి ఫారం, ప్రోటోకాల్, క్లియరెన్స్ రిపోర్టు, ల్యాబ్ కాగితాలు, ఫొటోలు అన్నీ స్కాన్ చేసి, ఇంటి క్లోజింగ్ పత్రాలున్న ఫోల్డర్‌లోనే పెట్టుకోండి.